తంగేడు ఇంటి ముందు పెరగాలంటే: గింజ నుంచి బతుకమ్మ పూల దాకా

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: మేడ్చల్ వైపు కొత్త ఇల్లు, గేటు పక్కన పది అడుగుల ఖాళీ స్థలం, ఎర్ర మొరం నేల. రోడ్డు పక్కన పెరిగిన తంగేడు మొక్కను రెండుసార్లు తవ్వి తెచ్చి నాటితే రెండుసార్లూ పది రోజుల్లోనే ఎండిపోయింది. తర్వాత నర్సరీలో కొన్న మొక్క డ్రిప్పు కింద గుబురుగా, ఆరడుగుల ఎత్తు పెరిగింది కానీ పూత లేదు. బీడులో ఎవరూ చూడకపోయినా విరగబూసేది ఇంట్లో ఎందుకు బతకదు, బతికినా ఎందుకు పూయదు, బతుకమ్మ నాటికి పూలు రావాలంటే ఏం చేయాలి?

సూటిగా చెబుతాను. మొక్కను తవ్వి తేవద్దు, గింజ తెచ్చి అది ఉండాల్సిన చోటే నాటండి. రోజంతా ఎండ తగిలే చోటు చూడండి. మొదటి ఏడాది క్రమం తప్పకుండా, రెండో ఎండాకాలం కొద్దిగా నీళ్లు పట్టండి, ఆ తర్వాత మానేయండి, డ్రిప్పు తీసేయండి. ఆషాఢం దాటాక పూత అయ్యేదాకా కొమ్మలు కత్తిరించకండి. ఈ నాలుగూ పాటిస్తే రెండో ఏడు బతుకమ్మకు మీ గుమ్మం ముందే పూలు కోసుకోవచ్చు. ఇక వివరాలు.

తవ్వి తెచ్చిన మొక్క ఎందుకు చస్తుంది

తంగేడు ముందు కిందికి పెరుగుతుంది, ఆ తర్వాతే పైకి. పైన జానెడు మొక్క కనబడితే కింద తల్లివేరు అంతకు రెండింతలు దిగి ఉంటుంది. ఎండాకాలంలో దాన్ని బతికించేది ఆ వేరే. మోకాలెత్తు మొక్కను గడ్డపారతో పెకలిస్తే ఆ వేరు ఎక్కడో ఒకచోట పుటుక్కున తెగిపోతుంది. నీళ్లు పీల్చే సన్నటి పిల్లవేళ్లన్నీ అడుగున మట్టిలోనే ఉండిపోతాయి. మీ చేతికొచ్చేది కర్రలాంటి మొద్దు వేరు మాత్రమే. నాలుగైదు రోజులు ఆకు పచ్చగానే ఉండటంతో నాటుకుందని అనుకుంటాం. నిజానికి కాండంలో మిగిలిన తడి అది. అది అయిపోగానే ఆకులు వేలాడి, అంచుల నుంచి ఎండుతూ వస్తాయి. ఆ దశలో బకెట్లకొద్దీ నీళ్లు పోసినా లాభం లేదు. పీల్చడానికి వేరు లేదు, పైగా తెగిన చోట కుళ్లు పడుతుంది.

కొమ్మ నాటితే వస్తుందా అని కూడా చాలామంది అడుగుతారు. గన్నేరు, మందారం వేరు పట్టినట్టు తంగేడు కొమ్మ పట్టదు. ఆ ప్రయత్నం మీద ఒక వానాకాలం వృథా చేసుకోకండి.

ముందు అది తంగేడేనా చూడండి

మీ నర్సరీ మొక్క విషయంలో నా మొదటి అనుమానం ఇదే. పసుపు పూలు పూసే కేసియా జాతులు చాలా ఉన్నాయి. నర్సరీల్లో వాటిలో ఏదో ఒకటి తంగేడు పేరుతో అంటగట్టడం మామూలే. గుర్తు పట్టడం కష్టం కాదు. ఆకు ఈనె కాండానికి అతుక్కునే చోట చూడండి. అసలైన తంగేడుకు అక్కడ రెండు పక్కలా చిన్న చెవుల్లా గుండ్రటి ఆకు రెక్కలు ఉంటాయి, ఆకు ముదిరినా రాలవు. శాస్త్రీయ నామం సెన్నా ఆరిక్యులేటాలోని రెండో మాటకు అర్థమే చెవులున్నది అని. ఈనె మీద చిన్నాకులు జతలు జతలుగా, మామూలుగా ఎనిమిది నుంచి పన్నెండు జతల దాకా ఉంటాయి. ప్రతి జత మధ్యా సూది మొనలాంటి చిన్న గ్రంథి నిలబడి ఉంటుంది. కాయ చదునుగా, కాగితంలా పల్చగా, మూడు నాలుగు అంగుళాల పొడవుంటుంది. చెవులు లేవంటే అది తంగేడు కాదు. దాని నుంచి తంగేడు పూత ఆశించకండి.

ఒక జాగ్రత్త. గింజలు సేకరించేటప్పుడు కసింద మొక్కను చూసి తంగేడు అనుకోవద్దు. కసిందకు చెవులుండవు, ఆకులు నాలుగైదు జతలే, మొన తేలి ఉంటాయి, నలిపితే చెడువాసన వస్తుంది. కసింద గింజలు విషం. పశ్చిమ ఉత్తరప్రదేశ్‌లో ఆ గింజలు తిన్న పసిపిల్లలు కాలేయం, మెదడు దెబ్బతిని చనిపోయిన ఉదంతాలు వైద్యులు నమోదు చేశారు. పిల్లలున్న ఇంట్లో గింజల పళ్లెం అందుబాటులో పెట్టకండి.

గింజ సేకరణ, నానబెట్టడం

దసరా ముందు పూసిన పూల కాయలు చలికాలంలో ముదురుతాయి. కాయ గోధుమ రంగుకు తిరిగి, ఊపితే గింజలు గలగలలాడాలి. పచ్చి కాయ కోసి ఎండబెట్టిన గింజలో సత్తువ ఉండదు. ఒక్కో కాయలో పది పదిహేను గింజలుంటాయి. ఒకే మొక్క నుంచి కాకుండా నాలుగైదు మొక్కల నుంచి కొన్ని కొన్ని కోయండి.

కాయ ఒలిచాక గింజలను ఒక్కొక్కటిగా చూడండి. గుండుసూది తలంత రంధ్రం ఉంటే లోపల పుచ్చు పురుగు పప్పు తినేసిందని అర్థం. నీళ్లలో వేస్తే అలాంటివి తేలతాయి, పారేయండి. మునిగినవి నీడన ఆరబెట్టి, పొడి బూడిద కలిపి సీసాలో మూత బిగించి దాస్తే జూన్ దాకా చెడవు.

ఈ గింజను అలాగే మట్టిలో వేస్తే పదింట రెండో మూడో మొలుస్తాయి. మిగతావి చచ్చిపోలేదు, పై పొర గట్టిగా ఉండి నీటిని లోపలికి రానివ్వదంతే. బీడులో అది మొక్కకు మంచిదే. ఒక్క వానకు అన్నీ మొలిచి, తర్వాత వాన మొహం చాటేస్తే మొత్తం విత్తనం నాశనం కాకుండా, ఏడాదికి కొన్ని చొప్పున మొలుస్తాయి. ఇంట్లో మనకు అంత ఓపిక ఉండదు కాబట్టి ఆ పొరను మనమే మెత్తబరచాలి.

ఒక వంతు గింజలకు అయిదు వంతుల నీళ్లు మరిగించి, పొయ్యి మీంచి దింపి, రెండు నిమిషాలు ఆగి, ఆ నీళ్లను గింజల మీద పోసి రాత్రంతా వదిలేయండి. గింజలను పొయ్యి మీద ఉడికించకూడదు. తెల్లారేసరికి పొర పగిలిన గింజలు ఉబ్బి, మెరుపు పోయి, గోరుతో నొక్కితే మెత్తగా తగులుతాయి. ఉబ్బనివి నిన్నటిలాగే నిగనిగలాడుతూ గట్టిగా ఉంటాయి. ఉబ్బినవి ఆ రోజే విత్తండి, ఆరనిస్తే పాడవుతాయి. ఉబ్బనివాటిని గరుకు కాగితం మీద నాలుగైదుసార్లు రుద్దండి, లేదా గోళ్ల కత్తెరతో మొలక కన్నుకు ఎదురు వైపు అంచును కొద్దిగా గిల్లి మళ్లీ మామూలు నీళ్లలో నానేయండి. ఇరవై గింజలే కావాలంటే వేణ్నీళ్ల కంటే ఈ గిల్లడమే నమ్మకం.

ఎక్కడ, ఎలా విత్తాలి

మీ మొరం నేల తంగేడుకు పుట్టిల్లు లాంటిది. పైనుంచి మెత్తటి మట్టి తెప్పించి పోయాల్సిన అవసరం లేదు. గోడకు మూడు నాలుగు అడుగులు వదిలి, మొక్కకూ మొక్కకూ అయిదడుగుల ఎడం ఉంచితే మీ పది అడుగుల చోటుకు రెండు మొక్కలు సరిపోతాయి. కంచెలా దట్టంగా కావాలంటే రెండున్నర, మూడు అడుగులకొకటి నాటవచ్చు. పశువులు తంగేడును పెద్దగా మేయవు కాబట్టి పొలం గట్లకూ ఇది మంచి కంచె. ఇల్లు కట్టినప్పుడు మిగిలిన కంకర, ఇటుక ముక్కలు మట్టిలో ఉన్నా ఇబ్బంది లేదు. గడ్డ కట్టిన సిమెంటు పెళ్లలు మాత్రం ఏరేయండి, తల్లివేరు వాటిని చీల్చుకుని పోలేదు.

అడుగున్నర లోతు, అడుగున్నర వెడల్పు గుంట తవ్వి, అదే మట్టిలో మూడు నాలుగు కిలోల బాగా మాగిన పశువుల ఎరువు కలిపి పూడ్చండి. బాగా మాగినది అని ఎందుకంటున్నానంటే, పచ్చి పేడ, సగం మాగిన చెత్త వేస్తే మొరం నేలలో చెదలు ఆ వాసనకు వచ్చి లేత వేరును కూడా తింటాయి.

మృగశిర కార్తె జూన్ 8 ప్రాంతంలో వస్తుంది. కార్తెతో పనిలేదు, రెండు గట్టి వానలు పడి జానెడు లోతు తడిసిందా లేదా అన్నదే లెక్క. తడిశాక ఒక్కో గుంటలో నాలుగైదు గింజలు సెంటీమీటరు లోతున, బెత్తెడు ఎడంగా వేయండి. వారం నుంచి రెండు వారాల్లో మొలుస్తాయి. జానెడు ఎత్తు వచ్చాక బలమైనదాన్ని ఒక్కటే ఉంచి మిగతావాటిని కత్తెరతో మొదలుకు కత్తిరించండి. పీకొద్దు, పీకితే ఉంచుకున్నదాని వేరూ కదులుతుంది.

నేరుగా విత్తే వీలు లేకపోతే సంచుల్లో పెంచవచ్చు. వెడల్పు కాదు, పొడవు ముఖ్యం: కనీసం తొమ్మిది అంగుళాల పొడవున్న నర్సరీ సంచి తీసుకోండి. ఎర్రమట్టి రెండు పాళ్లు, ముతక ఇసుక ఒక పాలు, మాగిన ఎరువు ఒక పాలు. ఆరు నుంచి ఎనిమిది వారాల్లో, మొక్క జానెడు ఉండగానే నాటేయాలి. ఆలస్యం చేస్తే వేరు అడుగున చుట్టలు చుట్టుకుంటుంది. అలా చుట్టుకున్న వేరు నేలలో పెట్టినా కిందికి దిగదు, చుట్టలోనే లావెక్కుతుంది. రెండో మూడో ఏట గాలివానకు మొక్క ఒక పక్కకు ఒరిగిపోవడానికి చాలావరకు కారణం ఇదే. నర్సరీలో పెద్ద మొక్క దొరికిందని సంబరపడి కొనకండి. చిన్నదే మేలు.

నల్లరేగడి ఉన్నవాళ్లకు ఒక మాట. అక్కడ గుంట తవ్వితే వానాకాలంలో అది నీటి తొట్టి అవుతుంది. అడుగు ఎత్తు, మూడడుగుల వెడల్పు దిబ్బ పోసి దాని మీద విత్తండి. తంగేడు నెల రోజుల ఎండకు తట్టుకుంటుంది కానీ వారం రోజులు మొదట్లో నీళ్లు నిలిస్తే తట్టుకోలేదు. ఆకులు పసుపు తిరిగి కింది నుంచి రాలుతాయి. చూసేవాళ్లు నీళ్లు చాల్లేదనుకుని ఇంకా పోస్తారు.

నీళ్లు

మొదటి ఏడాది వానల మధ్య విరామం వస్తే వారానికోసారి నాలుగైదు లీటర్లు. చలికాలంలో పది రోజులకోసారి అంతే. మొదటి ఎండాకాలం మాత్రం వారానికోసారి ఎనిమిది, పది లీటర్లు ఒకేసారి, నిదానంగా ఇంకేలా పోయండి. రోజూ చెంబెడు పోయడం కంటే ఇదే మేలు, ఎందుకంటే తడి ఎంత లోతుకు వెళితే వేరు అంత లోతుకు వెళుతుంది. డ్రిప్పు చేసే నష్టం ఇక్కడే. రోజూ పైన నాలుగంగుళాలు తడుపుతుంటే వేరుకు దిగాల్సిన పని లేదు. ఎప్పుడైనా మోటారు చెడి పది రోజులు డ్రిప్పు ఆగితే, బీడు తంగేడు పచ్చగా ఉంటుంది, మీది వాడిపోతుంది.

రెండో ఎండాకాలం నెలకు రెండు తడులు చాలు. మూడో ఏడు నుంచి ఏమీ అక్కర్లేదు. ఎండలు ముదిరితే కొంత ఆకు రాల్చుకుంటుంది, కంగారు పడకండి, తొలకరికి చిగురేస్తుంది.

పూత ఎందుకు రాదు

మీ మొక్క నిజంగా తంగేడే అయితే ముఖ్యమైన కారణాలు మూడు: నీళ్లు ఎక్కువ, నత్రజని ఎక్కువ, ఎండ తక్కువ. పక్కనున్న పూల కుండీలకు వేసే యూరియా, డీఏపీ, వేరుశనగ పిండి నీళ్లు దీనికీ పోస్తే ఆకు మీద ఆకు వేస్తుంది, మొగ్గ మాత్రం తొడగదు. చిక్కుడు జాతి బంధువు కదా, గాలిలోని నత్రజనిని అదే పట్టుకుంటుందనుకుంటారు. కానీ ఆ పని చేసే బుడిపెలు తంగేడు వేళ్ల మీద ఏర్పడవు. అయినా బయటి నుంచి ఎరువు అక్కర్లేదు, పేద నేలకు అలవాటు పడ్డ మొక్క ఇది. ఏడాదికోసారి తొలకరిలో రెండు గంపల ఆకు ఎరువు మొదలుకు దూరంగా పరిస్తే చాలు. ఎండ రోజుకు కనీసం ఆరేడు గంటలు నేరుగా పడాలి. పక్కింటి మేడ నీడలో సగం రోజు ఉండే మొక్క వెలుగు వైపు సాగి, నాలుగు పూలు పూసి ఊరుకుంటుంది.

నాలుగో కారణం కత్తెర, కానీ అది వేరే సంగతి. తంగేడు కొత్త కొమ్మల చివర్లలో గుత్తులుగా పూస్తుంది. కాబట్టి కొమ్మ కత్తిరిస్తే పక్కనుంచి మూడు నాలుగు కొమ్మలు వచ్చి పూత పెరుగుతుంది. అదే కత్తిరింపు వేళ తప్పి చేస్తే తయారవుతున్న మొగ్గలన్నీ పోతాయి. నేను చెప్పే క్రమం ఇది: కాయలు ముదిరి గింజలు తీసుకున్నాక, మాఘ, ఫాల్గుణాల్లో మొక్కలో మూడో వంతు ఎత్తు తగ్గించండి. ఎండిన కొమ్మలు, లోపలికి పెరిగినవి తీసేయండి. జూన్‌లో వానలు మొదలయ్యాక కొత్త కొమ్మలు జానెడు సాగగానే కొసలు గిల్లండి. ఆషాఢం చివరిదాకా ఒకటి రెండుసార్లు ఇలా గిల్లవచ్చు. ఆ తర్వాత ముట్టుకోవద్దు. గిల్లిన కొమ్మ మళ్లీ సాగి మొగ్గ తొడగడానికి రెండు నెలలు పడుతుంది. భాద్రపద అమావాస్యకు ఎంగిలిపూల బతుకమ్మ, అక్కడి నుంచి వెనక్కి లెక్కేసుకోండి. శ్రావణంలో గుబురుగా, అందంగా ఉండాలని కత్తిరించిన మొక్కలకే సరిగ్గా పండగ రోజుల్లో పూత ఉండదు.

ఆరేడేళ్లు దాటి మొదలంతా కర్రగా మారి, పైన మాత్రమే ఆకు ఉన్న మొక్కను తొలకరిలో రెండడుగుల ఎత్తుకు నరికేస్తే మళ్లీ మొదట్నుంచి చిగురేస్తుంది. ఆ ఏడు పూత తగ్గుతుంది. అందుకే రెండు మొక్కలుంటే ఒక్కో ఏడు ఒక్కోదాన్ని నరకండి. కత్తిరించిన మండను చెత్తబండికి ఇవ్వకండి. వరి మడుల్లో తంగేడు మండ తొక్కడం మన రైతుల పాత పద్ధతి. ముక్కలు చేసి మామిడి, నిమ్మ మొదళ్లలో పరచండి.

పురుగులు

లేత పసుపు, తెలుపు రెక్కల సీతాకోకచిలుకలు చిగుళ్ల మీద ఒక్కొక్క గుడ్డు పెడతాయి. వాటి ఆకుపచ్చ గొంగళి పురుగులు ఆకులు తింటాయి. ఎదిగిన మొక్కకు ఏమీ కాదు, పది పదిహేను రోజుల్లో మళ్లీ ఆకు వేస్తుంది. దయచేసి మందు కొట్టకండి. ఆ సీతాకోకచిలుకలకు తంగేడు, దాని దగ్గరి జాతులే ఆధారం. అడుగులోపు లేత మొక్కల మీద ఉంటే మాత్రం చేత్తో ఏరి పెద్ద మొక్క మీద వదలండి. పిండినల్లి పట్టి చీమలు పైకీ కిందికీ తిరుగుతుంటే పైపుతో గట్టిగా నీళ్లు కొట్టి, సాయంత్రం లీటరు నీటికి అయిదు మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బు కలిపి వారం ఎడంలో రెండుసార్లు పిచికారీ చేయండి. నీడలో, అతిగా నీళ్లు పెట్టిన మొక్కలకే ఇది ఎక్కువగా పడుతుంది.

మందు వద్దనడానికి ఇంకో కారణం తుమ్మెదలు. విచ్చుకున్న తంగేడు పువ్వును ఒకసారి దగ్గరగా చూడండి. అయిదు పసుపు రేకులు, అంచులు కొద్దిగా ముడతలు పడి, లోపల నారింజ రంగు సన్నటి ఈనెలు. పువ్వు మధ్యలోని కీలం (కాయగా మారే భాగం పైన ఉండే సన్నటి కాడ) నిటారుగా ఉండదు, ఒక పువ్వులో ఎడమకు వంగితే ఇంకో పువ్వులో కుడికి వంగి ఉంటుంది. పొడవైన కేసరాల కొసల్లో చిన్న రంధ్రాలుంటాయి, పుప్పొడి వాటిలోంచే బయటికి రావాలి. నల్లటి పెద్ద తుమ్మెద వచ్చి పువ్వును పట్టుకుని గట్టిగా ఝుమ్మంటే, ఆ అదురుకు పుప్పొడి ఉప్పుడబ్బాలోంచి ఉప్పు రాలినట్టు రాలుతుంది. ఈ పువ్వులో తేనె లేదు, తుమ్మెద వచ్చేది పుప్పొడి కోసమే. పూత బాగా ఉండీ కాయ పట్టడం లేదని అనేవాళ్ల ఇళ్ల చుట్టూ తరచుగా తుమ్మెదలే ఉండవు. అవి ఎండు కర్రలో తొలిచి గూడు పెడతాయి. పెరట్లో ఒక మూల పాత ఎండు మొద్దో, వెదురు బొంగులో ఉంచితే వస్తాయి.

కుండీలో పెరుగుతుందా? పెరుగుతుంది, కానీ కరువును తట్టుకునే గుణం కుండీలో సగం పోతుంది. వేరు దిగే చోటు లేదు కాబట్టి ఎండాకాలం రోజు విడిచి రోజైనా నీళ్లు కావాలి. పద్దెనిమిది అంగుళాల లోతున్న తొట్టిలో సగం ఎర్రమట్టి, మిగతా సగంలో ముతక ఇసుక ఎక్కువ, ఎరువు తక్కువ కలిపి, మూడడుగుల ఎత్తు దాటకుండా గిల్లుతూ ఉంచండి. స్థలం ఉన్నవాళ్లు తొట్టి జోలికి పోవద్దనే అంటాను.

ఒక పక్కమాట. తంగేడు పూల పొడి, టీ షుగరుకు మందని చాలామంది అమ్ముతున్నారు. ఇంటి పూలను ఎండబెట్టి తాగుతూ డాక్టరు రాసిన మాత్రలు మానేయకండి.

ఇక మీ దగ్గరున్న ఆరడుగుల మొక్క సంగతి. ఆకు మొదట్లో చెవులుంటే దాన్ని తీసేయనక్కర్లేదు. డ్రిప్పును ఒక్కసారిగా కాకుండా రెండు నెలల్లో తగ్గించండి: ముందు మూడు రోజులకోసారి, తర్వాత వారానికి, తర్వాత పది రోజులకు. ఇదంతా వానాకాలంలోనే చేయండి, ఎండాకాలం మధ్యలో ఆపితే పైపైన ఉన్న వేరు తట్టుకోలేదు. ఎరువులు మొత్తం ఆపేయండి. దాని పక్కనే అయిదడుగుల దూరంలో ఈ జూన్‌లో గింజలు వేసేయండి. గింజ మొక్క రెండేళ్లలో దాన్ని దాటిపోయినా ఆశ్చర్యపోను.

పూలు కోసేటప్పుడు తెల్లవారుజామునే, బెత్తెడు కాడతో గుత్తిని కత్తెరతో కోయండి. కొమ్మ విరిస్తే బెరడు చీలుకుంటూ కిందిదాకా వస్తుంది. తంగేడు పువ్వు ఎండ పడగానే వాడుతుంది, తడిగుడ్డలో చుట్టి నీడన పెడితే సాయంత్రం బతుకమ్మ పేర్చేదాకా ఉంటుంది. సద్దుల బతుకమ్మ దాకా రోజూ కోసినా, మొక్కకు నాలుగైదు గుత్తులు కోయకుండా వదిలి, వాటికి ఎర్రదారం కట్టి గుర్తు పెట్టుకోండి. వచ్చే ఏటి గింజలు ఆ గుత్తుల నుంచే తీయాలి.